చవక కొలత

క్యాన్సర్ మందుల్ని కొలిచే సెన్సర్ల మీద పరిశోధనా పత్రాలు చదవడం ఈమధ్య నాకొక వ్యసనం. సాఫ్ట్‌వేర్ వాణ్ణి, కెమిస్ట్రీ నా సబ్జెక్టు కాదు. అయినా ఒక మాట దగ్గర ఆగిపోతుంటాను: 'లో-కాస్ట్'. పెన్సిల్ లెడ్డో కార్బన్ పేస్టో తీసుకుని, దానిమీద నానోకణాల పూత వేస్తారు. పూత వల్ల మందు అణువు తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదులుతుంది. ఎంత కరెంటు వచ్చిందో చూసి ఎంత మందుందో చెబుతారు. ఎలక్ట్రోడు చవకే, సరే. ఆ అంకె తప్పయితే అయ్యే ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలి?

మెథోట్రెక్సేట్‌నే తీసుకోండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే కంపెనీలో నడిపిన బృందం తయారుచేసిన మందు. కణం ఫోలేట్‌ని వాడుకోకుండా అడ్డుపడుతుంది. అది క్యాన్సర్ కణమా, మంచి కణమా అని చూడదు. అందుకే భారీ మోతాదు ఇచ్చినప్పుడు, ఒక రోజు గడిచాక ల్యూకోవొరిన్ అనే విరుగుడు మొదలుపెడతారు. రక్తంలో మందు సుమారు 0.1 మైక్రోమోలార్ కిందికి దిగేదాకా ఆపరు. ఆ స్థాయిని కొలిచే సౌకర్యం అన్ని ఊళ్ళలోనూ ఉండదు.

మరి ఏదో ఒక కొలత, అసలు లేకపోవడం కంటే నయం కదా? పేదవాళ్ళ విషయంలో ఈ వాదనని మనం భలే తేలిగ్గా ఒప్పేసుకుంటాం. నేను ఒప్పుకోను, కనీసం ఇక్కడ. కొలిచే వీల్లేని చోట వైద్యులు చేతులు ముడుచుకుని కూర్చోరు. సెలైన్ ఎక్కిస్తారు, క్రియాటినిన్ చూస్తుంటారు, విరుగుడు ఇంకొన్ని డోసులు పొడిగిస్తారు. తెలియదన్న భయమే అక్కడ రోగికి కాపలా. తక్కువ చూపించే మీటరు ఆ భయాన్ని తీసేస్తుంది. విరుగుడు ముందే ఆగుతుంది. నోరు పుళ్ళు పడుతుంది, మజ్జ, కిడ్నీలు దెబ్బతింటాయి.

అలా తక్కువ చూపడం అరుదేం కాదు. శుభ్రమైన ద్రావణంలో చురుగ్గా ఉన్న ఎలక్ట్రోడు, రక్తంలో ప్రొటీన్లు అంటుకుని మందగిస్తుంది. యూరిక్ ఆమ్లం, విటమిన్ సి కూడా ఎలక్ట్రాన్లు వదులుతాయి. ల్యూకోవొరిన్ కూడా ఫోలేట్ జాతిదే కాబట్టి విరుగుడే కొలతకి అడ్డురావచ్చు. ఆరోగ్యవంతుడి సీరంలో మందు కలిపి చూసి 'బాగా పనిచేసింది' అనడం, మా ఆఫీసులో "నా మెషీన్లో బానే నడుస్తోందే" అనడం లాంటిది. మా దగ్గరైతే నవ్వుకుని రోల్‌బ్యాక్ చేస్తాం. ఇక్కడ రోల్‌బ్యాక్ అంటే ఆ విరుగుడే, దాన్నే ఆపేశాం.

పోనీ, ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపేలా అమర్చితే? విరుగుడు మరీ ఎక్కువైతే క్యాన్సర్ కణాన్నీ కాపాడుతుందేమోనన్న అనుమానం వైద్యుల్లో ఉంది. అయినా రెండు తప్పుల్లో ఒకటి ఎంచుకోమంటే ఇటే మొగ్గుతాను. అంకె చెప్పకుండా 'ఇంకా ఉంది, ఆపకండి' అని మాత్రమే చెప్పే ముతక పరికరం, అనుమానమొస్తే పెద్ద ల్యాబ్‌కి పంపమనే పరికరం, నాకు ఇష్టమే. దానికి ముందు నిజమైన రోగుల రక్తంలో, విరుగుడు నడుస్తుండగా, దాని మాటనీ పెద్ద ల్యాబ్ అంకెనీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ పనికి నెలలు పడుతుంది, డబ్బూ అవుతుంది. పెన్సిల్ లెడ్ ధరలో ఆ లెక్క లేదు.