బంగారు వాచీ: భోగమా, కాపలానా?



ఉపాసక మిత్రులారా, పోయిన ఆషాఢ పౌర్ణమి సభ అయ్యాక ఒక కుర్రాడు నన్ను పక్కకు పిలిచాడు. మనవాడే. తాత పాలేరుతనం చేశాడు, తండ్రి పోస్టాఫీసులో చిన్న ఉద్యోగి, తను న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్. సెలవు మీద వచ్చాడు. ఫోన్‌లో ఒక పాత బంగారు వాచీ బొమ్మ చూపించి, "అన్నా, ఇలాంటివి నా దగ్గర మూడున్నాయి. ఇది నాలుగోది. త్రిశరణాలు తీసుకున్నోడు ఇట్లా పోగేయొచ్చా?" అన్నాడు.

"తృష్ణే దుఃఖానికి మూలం తమ్ముడూ" అని చెప్పి పంపేశాను. ఇంటికెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు. అది వాడి ప్రశ్నకు జవాబు కాదు, వాణ్ని వదిలించుకోడానికి అన్నమాట. మీ ఇళ్లలో కూడా ఇప్పుడు నాలుగు డబ్బులు కనిపిస్తున్నాయి, ఈ ప్రశ్న రేపు మీకూ ఎదురవుతుంది. అందుకే కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ముందు ఆ వాచీ ఏమిటో తెలుసుకోవాలి. 1950లలో విమానాలు సముద్రాలు దాటడం మామూలైంది. న్యూయార్క్‌లో బయల్దేరినవాడు లండన్‌లో దిగేసరికి అక్కడి గడియారం ఐదు గంటలు ముందుంటుంది. పాన్ అమెరికన్ అనే విమాన కంపెనీ పైలట్ల అవసరం చూసి రోలెక్స్ వాళ్లు 1955లో 'జీఎంటీ మాస్టర్' తెచ్చారు. మామూలు ముళ్లకు తోడు ఇంకో ముల్లు, అది రోజుకు ఒక్కసారే చుట్టు తిరుగుతుంది. అద్దం చుట్టూ తిప్పుకోగలిగే చట్రం మీద 24 గంటల అంకెలు. ఒక్క చూపులో రెండు ఊళ్ల టైము తెలుస్తుంది. స్టీలుతో పాటు 18 క్యారట్ల బంగారంలోనూ చేశారు, గోధుమరంగు చట్రంతో. విమానం నడపడానికి బంగారం దేనికో నాకైతే అర్థం కాలేదు.

జెనీవాలో లూయీ కాటియే అనే పనివాడిది ఇంకో పద్ధతి. డయల్ చుట్టూ ప్రపంచంలోని ఊళ్ల పేర్లున్న పట్టీ ఉంటుంది, ఏ ఊళ్లో ఎంతయిందో ఒకేసారి చూడొచ్చు. ఆ ఏర్పాటుతో పటేక్ ఫిలిప్ కంపెనీ చేసిన ఒక బంగారు వాచీ 2019 నవంబరులో హాంకాంగ్ వేలంలో 7 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది. మా కుర్రాడు కొనేవి అంత ఖరీదువి కావు లెండి.

ఒక మాట మధ్యలో. జీఎంటీ వాచీలో రెండు ఊళ్లకూ నిమిషాల ముల్లు ఒక్కటే. గ్రీన్‌విచ్‌కు మనం ఐదున్నర గంటలు ముందు. కాబట్టి అమెరికాలో ఉన్న మనవాడు ఇంటి టైము చూడాలంటే ఆ అరగంట మనసులో కలుపుకోవాల్సిందే. ఎవరి కోసం చేశారో ఆ అరగంటలోనే తెలిసిపోతుంది.

ఈ వాచీలు పోగేసేవాళ్ల లోకం విచిత్రమైంది. కొత్తగా మెరిసేది వాళ్లకు వద్దు. పాత వాచీని పాలిష్ చేయిస్తే అంచులు అరుగుతాయి, ధర పడిపోతుంది. నల్ల డయల్ ఏళ్ల తరబడి ఎండకు వెలిసి గోధుమరంగుకు తిరిగితే దానికి 'ట్రాపికల్' అని ముద్దుపేరు పెట్టి ఎక్కువిచ్చి కొంటారు. చెడిపోవడానికే విలువ అన్నమాట. ప్రతి వస్తువూ మారిపోతుంది, నశిస్తుంది అని బుద్ధుడు చెప్పింది వీళ్ల కళ్లకు మనకన్నా బాగానే కనిపిస్తోంది. కానీ కనిపించిన అనిత్యాన్ని వదులుకోరు, దానికీ ధర కట్టి పెట్టెలో పెడతారు.

'అపోకలిప్స్ నౌ' సినిమాలో మార్లన్ బ్రాండో పెట్టుకున్న జీఎంటీ వాచీ 2019 డిసెంబరులో న్యూయార్క్ వేలంలో 19 లక్షల 52 వేల డాలర్లకు పోయింది. అది బంగారం కాదు, స్టీలు. పైగా ఆ తిరిగే చట్రమే లేదు, బ్రాండో ఊడదీసేశాడు. రెండో ఊరి టైము సరిగ్గా చదవడానికి కూడా పనికిరాని వాచీ అది. కొన్నవాడు కొన్నది వాచీనా, వెనక చెక్కి ఉన్న పేరునా?

ఇక్కడ ఆగి రెండోవైపు చూడాలి. 'కులనిర్మూలన'లో బాబాసాహెబ్ ఇండోర్ ప్రాంతపు బలాయీల సంగతి రాశారు. 1928 నాటి పత్రికలో వచ్చిన వార్త అది. జరీ అంచు తలపాగా కట్టకూడదు, వాళ్ల ఆడవాళ్లు వెండి బంగారాలు పెట్టుకోకూడదు అని పై కులాలవాళ్లు హుకుం జారీ చేశారు. కాబట్టి మన చేతి మీద బంగారం కనిపించగానే "తృష్ణ" అనేస్తే, ఆ హుకుమునే ధమ్మం పేరుతో మళ్లీ జారీ చేసినట్టవుతుంది. నా జవాబు నాకే నచ్చకపోవడానికి కారణం ఇదే. బుద్ధుడు పేదరికాన్ని పొగడలేదని బాబాసాహెబ్ వాదించారు కదా. అంగుత్తర నికాయంలో బుద్ధుడు అనాథపిండికుడికి గృహస్థుడి సుఖాలు నాలుగు చెబుతాడు: న్యాయంగా సంపాదించింది ఉండటం, దాన్ని అనుభవించడం, అప్పు లేకపోవడం, తప్పు చేయకపోవడం. మొదటి రెండూ సుఖాలే అని ఒప్పుకున్నాడు చూడండి.

అయితే ఆత్మగౌరవం మొదటి వాచీకి సరిపోయే వాదం. నాలుగోదానికి సాగదీస్తే చిరుగుతుంది. అదీగాక మెరిసే ప్రతి బంగారమూ ఎవరో తవ్విందే. ఈ వాచీలు తయారైన రోజుల్లో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ బంగారం తీసింది దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష చట్టాల కింద ఆ గనుల్లోకి దిగింది నల్లజాతి కూలీలు. ఏ వాచీలో ఎక్కడి బంగారం ఉందో ఎవరూ చెప్పలేరు. గర్వంగా చెయ్యి చాచేటప్పుడు ఆ మనుషులు కూడా గుర్తుండాలని నా కోరిక.

ఆ డబ్బుతో ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టొచ్చో అనే లెక్క మాత్రం నేను వెయ్యను. ఆ లెక్క నా మీద వేస్తే నా స్కూటరూ నిలబడదు.

నాకు దారి చూపింది మహానిదాన సుత్తం. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, అతని ధమ్మం'లో కూడా ఆ భాగాన్ని తీసుకున్నారు. తృష్ణ వల్ల వెతుకులాట, వెతుకులాట వల్ల లాభం, అక్కణ్ణుంచి మమకారం, సొంతం చేసుకోవడం, పిసినారితనం, కాపలా. ఆ కాపలా కోసమే కర్రలు, కత్తులు, కొట్లాటలు, అబద్ధాలు అని ఆనందుడికి చెబుతాడు బుద్ధుడు. ఇందులో నన్ను ఆపిన మాట కాపలా. ఎన్ని వస్తువులున్నాయని కాదు, వాటిని వాడుతున్నామా, వాటికి కావలి ఉంటున్నామా అన్నది ప్రశ్న.

వారం తర్వాత కుర్రాడికి ఫోన్ చేశాను.

"ఆ వాచీలు ఎక్కడ పెడతావురా?"

"బ్యాంకు లాకర్లో అన్నా. ఇన్సూరెన్స్ కూడా చేయించా."

"మరి పెట్టుకునేదెప్పుడు?"

"ఆదివారాలు అప్పుడప్పుడు, ఇంట్లో. ఆఫీసుకు పెట్టుకోను, ఎక్కడ కొన్నావని అడుగుతారు. విమానంలో అసలు పెట్టుకోను, ఎవడైనా కొట్టేస్తాడేమోనని భయం."

విమాన ప్రయాణికుడి కోసం చేసిన వాచీ విమానమే ఎక్కట్లేదు! నేను నవ్వాను, వాడూ నవ్వాడు. నాలుగోది ఎలా కొంటావంటే వాయిదాల మీద అన్నాడు. మొదటి మూడూ ఎంతకు కొన్నావో ఇంట్లో తెలుసా అంటే కాసేపు మాట్లాడలేదు. "అమ్మకు సగం ధరే చెప్పానన్నా" అన్నాడు చివరికి. అప్పు, అబద్ధం. సుత్తం గురించి నేను వాడికేమీ చెప్పలేదు, ఆ వరుసలో ఎక్కడున్నాడో వాడే చెప్పేశాడు.

అమ్మేయమని నేననలేదు. "ఒకటి చేతికి పెట్టుకో, గీతలు పడనీ" అన్నాను.

సంక్రాంతికి మళ్లీ వచ్చాడు. చేతికి ఆ గోధుమరంగు చట్రం వాచీ ఉంది. విమానంలో సీటు బెల్టు తగిలి పక్కన సన్నగా గీత పడిందని చూపించాడు, పాలిష్ మాత్రం చేయించనన్నాడు. వాళ్లమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇంత బరువేందిరా, రోజంతా ఎట్లా మోస్తావు?" అంది. అసలు ధర ఆ రాత్రి చెప్పాడట. ఆమె రెండు రోజులు మాట్లాడలేదట.

మిగతా రెండూ ఇంకా లాకర్లోనే ఉన్నాయి. నాలుగోదాని సంగతి నేను అడగలేదు, వాడూ ఎత్తలేదు.