సంతకం కింద మాట

మా ఆఫీసులో ఒకాయన ఈమెయిల్ చివర, పేరు కింద, సమానత్వం గురించి అంబేడ్కర్ మాట ఉంటుంది. పండగ శుభాకాంక్షలు చెప్పినా అదే, కింది ఉద్యోగికి సెలవు కుదరదని రాసినా అదే. అతికించేది ఔట్‌లుక్. మరి ఆ మాటకి పూచీ ఎవరిది?

వేమన మకుటం కూడా ప్రతి పద్యంలోనూ వచ్చేదే. కానీ అక్కడ పైమాట తనదే, కింద పేరూ తనదే. మన మెయిల్లో పేరు మనది, మాట అరువుది.

మాది అమలాపురం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది. దానికి అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ మే 24న జరిగిన ఆందోళనలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. ఇంటర్నెట్ ఆపేశారు. వర్క్ ఫ్రం హోమ్ వాళ్ళు సిగ్నల్ కోసం గోదావరి గట్లకు చేరారు.

మెయిళ్ళ కింద ఆయన మాట ఎవరికీ అడ్డు రాలేదు. ఆయన పేరు ఇంటి అడ్రసులోకి వస్తుందనగానే వచ్చింది. కొటేషన్ అంత తేలిగ్గా చెల్లుబాటయ్యేది అది మననేమీ అడగదు కాబట్టే.

కొటేషన్లు తీసేయమని కాదు. పంపేముందు పైనున్న నాలుగు లైన్లూ, కిందున్న ఒక్క లైనూ కలిపి చదువుకోవాలి. రెండూ ఒక్క మనిషి మాటల్లా లేకపోతే, మార్చాల్సింది కిందది కాదు.