ఎవరి బిడ్డవు?

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో ఆవని యను గ్రామము కలదు. ఊరిలో ప్రాచీనమైన రామలింగేశ్వరాలయములు, ఊరి వెనుక ఎత్తుగా లేచిన రాతికొండ, ఆ కొండమీద సీతమ్మ గుడి. వాల్మీకి ఆశ్రమ మిచటనే యుండెననియు, లవకుశులు ఈ కొండమీదనే పుట్టిరనియు ఆ సీమ తెలుగువారును కన్నడిగులును తరతరములుగా నమ్ముచున్నారు. అది చరిత్రయా, కాదా యను విచారణ నా కిపు డక్కఱలేదు. ఆ కొండ మెట్లమీద నన్ను నిలిపివేయు తలంపు వేఱొకటి: ఆ తల్లి యిచటికి వచ్చినది నేరము రుజువై కాదు, జనులేమనుకొనుచున్నారని రాజైన రాముడు తన కొలువులోని భద్రుని అడుగగా, అతడు వెఱచుచు చెప్పిన నాలుగు మాటలవలన. అగ్నిలో నిలిచి బయటపడిన స్త్రీ లోకుల నోటినుండి బయటపడలేకపోయెను. స్త్రీనిగూర్చి ప్రజలకు గల భావము రాజ్యవ్యవహారమును శాసించుట మన దేశమున వోటుపెట్టెతో పుట్టిన సంగతి కాదు.

ఆవనికి దక్షిణముగా కోలారు బంగారు గను లున్నవి. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టిన నాటినుండి 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడిన నాటివఱకు, చాంపియన్ రీఫ్ మొదలగు గనులలో మూడు కిలోమీటర్ల లోతునకు దిగి తమిళ, తెలుగు దళిత కుటుంబములవారు బంగారము త్రవ్వి పైకి పంపిరి. స్త్రీ భూగర్భమున పనిచేయరాదని 1952 నాటి గనుల చట్టము నిషేధించెను. అది ఆమె క్షేమముకొఱకే కావచ్చును. కాని గని మూతపడి మగవారి జీతములు నిలిచిపోయినపుడు, తెల్లవారుజామున మారికుప్పంలో బెంగళూరు రైలెక్కి, చీకటిపడినపిదప తిరిగివచ్చి, గని కార్మికుల లైన్ల ఇండ్లలో పొయ్యి ఆరిపోకుండ కాచినవారిలో స్త్రీ లెందఱో కలరు. కుటుంబభారము నామె కప్పగించుటకు ఎవరును ఆమె ఎవరి బిడ్డ యని ప్రశ్నింపలేదు. ప్రశ్న అధికారమువద్దనే పుట్టినది.

ఈ బంగారు గనుల నియోజకవర్గము ఒకప్పుడు కమ్యూనిస్టులను, రిపబ్లికన్ పార్టీవారిని, అన్నా డీఎంకే వారిని గెలిపించినది. 2008లో భారతీయ జనతా పార్టీకి చెందిన వై. సంపంగి గెలిచెను. 2013లో ఆయన తల్లి వై. రామక్క గెలిచెను. 2018లో కాంగ్రెస్ అభ్యర్థినిగా, 1991 మొదలు ఏడు పర్యాయములు కోలారు పార్లమెంటు సభ్యుడుగా నుండిన కె.హెచ్. మునియప్ప కుమార్తె రూపకళ నిలువగా, ఎదుట నిలిచినది సంపంగి కుమార్తె అశ్విని. రూపకళ గెలిచెను. 2023లో మరల ఆ యిద్దఱే తలపడిరి. మరల రూపకళయే గెలిచెను. అనగా 2013నుండి నేటివఱకు ఈ స్థానమున పురుషుడు శాసనసభ్యుడు కాలేదు. అదే 2023లో కర్ణాటకమంతట 224 స్థానములకుగాను గెలిచిన స్త్రీలు పదిమంది మాత్రమే. ఈ లెక్కలు చూచినవాడు, బంగారు గనుల వోటరునకు స్త్రీయెడల విముఖత లేదని చెప్పి ఊరకుండవచ్చును.

నే నూరకుండజాలను. ఒకరు మాజీ సభ్యుని తల్లి, ఒకరు అతని కుమార్తె, ఒకరు పార్లమెంటు సభ్యుని కుమార్తె. బాల్యమున తండ్రి, యౌవనమున భర్త, వార్ధక్యమున కుమారుడు రక్షకులుగా నుండవలెననియు, స్త్రీ స్వాతంత్ర్యమున కర్హురాలు కాదనియు మనువు విధించిన సంగతి అందఱు నెఱిగినదే. ఆ ధర్మశాస్త్రమును త్రోసిపుచ్చిన రాజ్యాంగము క్రింద, ఆ శాస్త్రముచేత ఎక్కువగా బాధింపబడిన జనుల నియోజకవర్గమునందే, ఆ రక్షకస్థానములు స్త్రీకి రాజకీయములలోనికి తెఱచిన వాకిళ్లుగా మారియుండుట నన్ను మిక్కిలి కలచివేయుచున్నది. ఈ మాటతో ఆ ముగ్గురి యోగ్యతను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. వారి యోగ్యతను మనము చూచితిమా యన్నదే నా ప్రశ్న.

మా ప్రాంతమున క్రొత్తగా కనబడిన ఆడుదానిని ముందుగా నడుగు మాట యొకటి కలదు: “ఎవురి బిడ్డమ్మా నువ్వు?” అందులో ఆప్యాయత కలదు, దానిని కాదనను. కాని అదే మాటను మిథిలాధిపతి జనకుడు అడిగిన కథ భారతము శాంతిపర్వమున కలదు. రాజ్యము చేయుచునే ముక్తుడ నైతినని చెప్పుకొను ఆ రాజును పరీక్షింపగోరి సులభ యను సన్న్యాసిని అతని సభకు వచ్చెను. నీ వెవరవు, ఎవరిదానవు, ఎచటనుండి వచ్చితివని రాజు ప్రశ్నించెను; పిదప ఆమె కులమును, గోత్రమును, భర్త యున్నాడో లేడో యను సంగతిని తడవి నిందించెను. ఆమె తొణకలేదు. లక్కయు కట్టెయు, ధూళియు నీటిబొట్టును కలిసియున్నట్లు ఈ దేహము భూతముల కలయిక యైయుండగా ఎవరిదాన నని చెప్పుదును? ఎల్లరియందు సమబుద్ధి కుదిరినవానికి ఈ ప్రశ్న పుట్టునా? ఇది ఆమె వాదము. రాజు మఱి బదులు పలుకలేకపోయెను. ముక్తు డైనాననుకొన్నవానికే ఆ ప్రశ్న వదలకుండగా, సామాన్యుడైన వోటరునకు వదలలేదని కోపగించుటకు నాకు మనసు రాదు; అది ఎంత లోతున పాతుకొనియున్నదో చూపుటకే ఆ కథను తలచితిని.

ఆ ప్రశ్నకు జవాబునే స్త్రీలు తమ పేరుగా చెప్పిన కాలమును కలదు. స్వతంత్ర భారతపు తొలి సార్వత్రిక ఎన్నికల జాబితా వ్రాయుచున్నపుడు, ముఖ్యముగా ఉత్తరాదిన, లక్షలకొలది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావాని భార్యను, ఫలానావాని కూతురను అని మాత్రమే చెప్పిరి. అట్లు వ్రాసిన పేళ్లను ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అంగీకరింపలేదు. ఇంచుమించు 28 లక్షలమంది వోటు కోల్పోయిరి. కఠినమైన నిర్ణయమే. కాని స్త్రీకి తనదైన పేరుండవలెనని ఈ రాజ్యము మొట్టమొదట పలికిన మాట అదియే యని నాకు తోచును.

స్త్రీని మఱొకరి పేరుతో చూచుట కలదే, శంకరులు అధ్యాస మని చెప్పినది ఇట్టి చూపునే: ఒక వస్తువుమీద వేఱొక వస్తువును ఆరోపించి చూచుట. త్రాటిని పాముగా చూచినవాడు భయపడి పరుగెత్తును. స్త్రీని ఆమె తండ్రిగానో కొడుకుగానో చూచినవాడు సంతోషముతో వోటు వేయును. ఫలము మంచిదైనను చూపు భ్రాంతియే. పురుషులలోను వారసులు లేరా యందురు. ఉన్నారు, అయితే తండ్రిపేరు లేని పురుషునకు కులసంఘమో, కార్మికసంఘమో, వీధిలోని స్నేహబృందమో వేఱు దారి చూపును. ఆ పేరు లేని స్త్రీ, ఆ లైన్లలోనే పుట్టి చదివి పదిమంది కష్టములు తీర్చిన స్త్రీ, వోటరుముందుకు రానేరాదు. వోటరు అడుగబోవు ప్రశ్నను పార్టీ ముందుగా తానే అడిగి, జవాబు లేనిదానికి టికెట్ నిరాకరించును. కావున వోటరు భావము స్త్రీ అభ్యర్థుల భాగ్యమును నిర్ణయించునా యన్నచో, నిర్ణయించుననియే నా నిశ్చయము. వోటు వేయు నాటికంటె ఎంతో ముందుగా, ఎవరి చేతికిని మసి అంటకుండ నిర్ణయించును.

మన కోలారమ్మను కొలుచువారికి స్త్రీశక్తియెడల అనాదరము ఎట్లుండునని వాదించు మిత్రులు కలరు. మహిషుని మర్దించిన ఆ తల్లిముందు నిలిచి, తేలు కుట్టకుండ కాపాడుమని ప్రక్కనే యున్న చేళమ్మకు మ్రొక్కి వచ్చినవాడు, గ్రామసభలో స్త్రీ లేచి మాటాడిన వేళ ఆమె భర్తవైపు తిరిగి చూచుటను నేనెఱుగుదును. పూజ వేఱు, అధికార మప్పగించుట వేఱు.

ఈ చూపు మాఱదా? పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూం జిల్లాలో ఎస్తేర్ డుఫ్లో మొదలగు అర్థశాస్త్రజ్ఞులు ఒకే ప్రసంగమును పురుషుని గొంతునను స్త్రీ గొంతునను వినిపించి పరిశీలించిరి. స్త్రీ పంచాయతీ పెద్దగా నుండగా ఎన్నడును చూడని గ్రామములలోని పురుషులు స్త్రీ గొంతును తక్కువగా నెంచిరి; రిజర్వేషన్ వలన స్త్రీ పాలనను చూచిన గ్రామములలో ఆ భేదము మాసిపోయెను. పురుషుడే నాయకుడు కావలెనను ఇష్టము మాత్రము పోలేదు. అభిరుచి మాఱకున్నను కన్ను మాఱు నన్నమాట. మన వోటర్లకును ఆ అలవాటు పడుచున్నది కాబోలు. 2019లో మునియప్ప పార్లమెంటు స్థానమును కోల్పోయెను; అయినను 2018లో నలుబది వేలుగా నుండిన కుమార్తె ఆధిక్యము 2023లో ఏబది వేలకు పెరిగెను. ఆ యేడు రాష్ట్రమంతట కాంగ్రెస్ గాలి వీచిన మాట నిజమే; అయినను తండ్రి నీడ ఒక్కటియే ఆమెను గెలిపించినదని ఇక చెప్ప వలనుపడదు.

బంగారు గనుల అక్కలారా, అన్నలారా, వచ్చు ఎన్నికలలో మీ గుమ్మముముందు నిలిచిన స్త్రీని ఎవరి బిడ్డవని అడుగకుడు. గాలి వీచినపుడెల్ల గనులు వదలిపోయిన సైనైడు దిబ్బలనుండి లేచి మీ పిల్లల కంచములలో పడు దుమ్మునకు ఏమి చేయుదువో చెప్పుమని అడుగుడు. చెప్పగలిగినచో ఆమె యెవరి బిడ్డ కాకపోయినను వోటు వేయుడు. చెప్పలేకపోయినచో ఎంతవారి బిడ్డయైనను వేయకుడు.