ఆ కుక్కపిల్ల ఎవరి కొరకు పుట్టెను?

ప్రియ చదువరీ, నీ యింటిలోని పసివాడు కుక్కపిల్ల కావలెనని మారాము చేయుచున్నాడనుకొనుము. నీవు విచారింపబోగా అమ్మువాడు తన ఫోనులో ఒక బొమ్మ చూపును. ఉన్నివంటి వెండ్రుకలు, గుండ్రని కన్నులు. "ఇది రెండు మేలుజాతుల సంకరమండీ. రెండింటి మంచి గుణములును వచ్చును, ఏ దాని రోగమును రాదు. వెండ్రుకలు రాలవు, ఎవరికైనను పడును" అని అతడు చెప్పును. ధర విని నీవు కొంచెము వెనుకాడుదువు. ఆ వెనుకాడిన క్షణములోనే ఒక ప్రశ్న వేసికొనుమని నా మనవి. అది ధరనుగూర్చినది కాదు. ఈ పిల్ల ఎవరి కొరకు పుట్టింపబడెను?

ఈ ప్రశ్నకు ఒకప్పుడు మంచి జవాబే యుండెను. హవాయి దీవులలోని యొక అంధురాలు తనకు త్రోవ చూపు కుక్క కావలెనని ఆస్ట్రేలియాలోని మార్గదర్శక శునకముల సంఘమునకు వ్రాసెను. ఆమె భర్తకు కుక్కల వెండ్రుకలు పడవు. సంఘములో కుక్కల పెంపకమును చూచుచుండిన వాలీ కాన్రన్ అను నాతడు, వెండ్రుకలు అంతగా రాలని పూడుల్ జాతి సరిపోవునేమోయని తలంచెను. తానే చెప్పినట్లు, మూడేండ్లలో 33 పూడుళ్లను పరీక్షించెను గాని ఒక్కటియు ఆ పనికి నిలువలేదు. తుదకు 1989లో త్రోవ చూపుటలో నేర్పుగల లాబ్రడార్‌ను పూడుల్‌తో జత కట్టించెను. మూడు పిల్లలు పుట్టెను. వాటి వెండ్రుకలను, చొంగను హవాయికి పంపి చూడగా ఒక్క పిల్లవి మాత్రమే ఆ భర్తకు పడెను. సుల్తాన్ అను ఆ కుక్క శిక్షణ పొంది, సముద్రము దాటి పోయి, ఆమెకు కన్నులాయెను.

మిగిలిన రెండు పిల్లల సంగతి ఏమి? కుక్కకొరకు పేరు వ్రాయించుకొని కనిపెట్టుచున్నవారు అనేకులుండినను, సంకరపు పిల్లను తీసికొనుటకు ఎవరును ముందుకు రాలేదు. అంతట కాన్రన్ యుక్తిపన్ని, "లాబ్రడూడుల్" అను క్రొత్త కుక్క పుట్టినదని పత్రికలకు తెలియజేయించెను. పేరు మారగానే అడుగువారు గుంపులుగా బయలుదేరిరి. నిన్న ఎవరికిని అక్కరలేని పిల్ల నేడు అందరికిని కావలసినదాయెను. పిల్లలో ఒక్క వెండ్రుకయైనను మారలేదు, మారినది పేరే. పేరు గొప్ప ఊరు దిబ్బయని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఆ పేరు వెనుక వర్తకము వచ్చెను. తల్లిదండ్రులకు వంశపు రోగములున్నవో లేవో పరీక్షింపకయే, దొరికిన కుక్కను దొరికిన పూడుల్‌తో జతచేసి అమ్మువారు పలు దేశములలో లేచిరి. 2019లో ఆస్ట్రేలియా రేడియోలో మాటలాడుచు కాన్రన్, ఈ పని తన జీవితమునకే విచారముగా మిగిలెనని ఒప్పుకొనెను. చదువరీ, ఆయన చేసిన మొదటి పనిలో దోషము వెదకుట నాకు సులభము కాదు. ఒక స్త్రీ అక్కర యుండెను, పరీక్ష యుండెను, పుట్టినవాటికి చోటు చూపవలెనను తపనయు ఉండెను. కాని ఆ తపనలోనే ఆయన మనుష్యులకు నేర్పినదేమి? ప్రాణిని ప్రాణిగా కాక పేరునుబట్టి కోరుకొనుటయే గదా. మంచి మనసుతో వేసిన అడుగునకును లెక్క చెప్పవలసియుండుననుటకు ఇదియొక దృష్టాంతము.

ఇప్పుడు అమ్మువాడు చేసిన వాగ్దానములను చూతము. రెండు జాతులు కలిసిన రోగములు పోవునను మాటలో కొంత నిజమున్నది. వంశపు రోగములలో అనేకము తల్లి దండ్రులిద్దరినుండియు చెడిన జన్యువు వచ్చిననే బయటపడును. ఒకరినుండి మాత్రమే వచ్చినయెడల పిల్ల ఆరోగ్యముగానే యుండి, ఆ చెడుగును లోపల మోసికొని పోవును. గనుక తల్లి జాతిలోని చెడుగు తండ్రి జాతిలో లేనియెడల మొదటి తరము తప్పించుకొనవచ్చును. రెండు జాతులలోను ఒకటే చెడుగున్నచో? లాబ్రడార్‌లోను పూడుల్‌లోను కంటిపొర క్రమముగా క్షీణించి చూపు పోవు ఒకే రోగమున్నది. తుంటికీలు సరిగా అమరక కుంటునట్టి వ్యాధియు రెండింటికిని కలదు. ఇట్టిచోట సంకరము కాపాడదు, పరీక్షయే కాపాడవలెను. మొదటి తరపు సంకరములను మరల ఒకదానితో నొకటి జతపరచినచో, దాగియున్న చెడుగులు తిరిగి కలిసికొనవచ్చును.

ఇంగ్లండులోని రాయల్ వెటర్నరీ కళాశాలవారు 2024లో ప్రకటించిన పరిశోధనలో లాబ్రడూడుల్ మొదలగు మూడు పూడుల్ సంకరములను వాటి మాతృజాతులతో పోల్చిరి. సాధారణముగా వచ్చు 57 వ్యాధులను విచారింపగా, పోలికలలో నూటికి 86కు పైగా ఏ భేదమును కనబడలేదు. మిగిలినవాటిలో కొన్నిట సంకరములు మెరుగు, కొన్నిట హీనము. అనగా సంకరము శాపము కాదు, మంత్రమును కాదు.

"ఎవరికైనను పడును" అను మాట ఇంకను బలహీనమైనది. అలర్జీ కలిగించు పదార్థము కుక్క చొంగలోను, చర్మపు పొట్టులోను ఉండును. వెండ్రుకలు రాలకపోయినంత మాత్రమున అది లేకపోదు. 2012లో వెలువడిన యొక పరిశోధనలో లాబ్రడూడుల్ వంటి కుక్కల వెండ్రుకలలో ఆ పదార్థము ఇతర కుక్కలకన్న తక్కువగా లేదని తేలెను. సుల్తాన్ తోబుట్టువులే దీనికి మొదటి సాక్షులు గదా! మాట నమ్మి కొన్నవాని బిడ్డకు ఆయాసము వచ్చిననాడు ఇల్లు విడువవలసినది ఎవరు? నోరులేని కుక్కయే.

అయితే సంకరము పాపమనియు, శుద్ధజాతియే పుణ్యమనియు నేను చెప్పుచున్నానని తలంపవద్దు. డాల్మేషన్ అను మచ్చల కుక్కను చూడుము. శుద్ధియని కాపాడిన ఆ జాతియంతటిలోను ఒక లోపము నిలిచిపోయెను. మూత్రములో యూరిక్ ఆమ్లము హెచ్చి, కొన్నిటికి రాళ్లు కట్టి, అవి మూత్రము రాక బాధపడును. రాబర్ట్ షైబుల్ అను శాస్త్రజ్ఞుడు 1973లో డాల్మేషన్‌ను ఒక్కసారి పాయింటర్ జాతితో కలిపి, పుట్టినవాటిలో ఆ లోపము లేనివాటిని ఏరి, తరతరములు మరల డాల్మేషన్లతోనే జతపరచెను. రూపము డాల్మేషన్‌దే, బాధ మాత్రము తొలగెను. అయినను అమెరికాలోని శునక సంఘము 1981లో రెండింటిని నమోదుచేసి, జాతి శుద్ధి చెడునను అభ్యంతరమువలన ఆపివేసి, మరల 2011లో గాని అంగీకరింపలేదు. ఆ ముప్పది యేండ్లలో ఎన్ని మూగజీవులు ఒక మాటకొరకు నొప్పి పడెనో ఆలోచింపుము. శుద్ధియను పేరును, క్రొత్తదను పేరును, రెండును కుక్కకు తెలియవు. దానికి తెలిసినది నొప్పియు నొప్పి లేకపోవుటయు మాత్రమే.

కాబట్టి సంకరమా, శుద్ధజాతియా అనునది అసలు ప్రశ్న కాదు. షైబుల్ చేసినదియు సంకరమే, వర్తకుడు చేసినదియు సంకరమే. ఒకటి కుక్క బాధ తీర్చుటకు, ఒకటి కొనువాని కన్నులకు. పుట్టబోవు ప్రాణిని మనము అడుగలేము. అది ఒప్పుకొనదు, కాదనదు. అడుగలేని దాని పక్షమున అడుగవలసినవాడు దానిని కోరుకొనువాడే.

చదువరీ, నీవే అడుగుము. తల్లిని చూపుమనుము. తండ్రికిని తల్లికిని కన్నుల పరీక్ష, తుంటి పరీక్ష జరిగిన కాగితములు చూపుమనుము. ఇది ఆ తల్లికి ఎన్నవ ఈతయని అడుగుము. ఈ ఈతలో అమ్ముడుపోని పిల్లలు ఏమగునని అడుగుము. జవాబు చెప్పలేనివానియొద్ద కొనకుము, జాలిపడియు కొనకుము. ఏలయనగా నీవు ఒక పిల్లను విడిపించిన చోట ఆ రూకలు మరియొక ఈతను పుట్టించును.

నీకు కావలసినది తోడు మాత్రమే అయినయెడల, నీ వీధి మొగలోనే ఏ పేరును లేని పిల్ల యొకటి వణకుచు ఉండవచ్చును. దానిని ఎవరును ఎవరి కొరకును పుట్టింపలేదు. టీకాలు వేయించి, పట్టెడు మెతుకులు పెట్టి, దానికొక పేరు పెట్టుము. ఆ పేరు అమ్మకమునకు కాదు, పిలుచుటకు.