ముడి, వేటు, బంధం

చెప్పులు కుట్టేవారు దారాన్ని బిగించి లాగడాన్ని సూచించిన ‘యెర్క్’ అనే పాత ఆంగ్ల క్రియ క్రమంగా కొరడాతో కొట్టడానికీ వాడుకలోకి వచ్చింది. తెలుగు ‘వేయు’ కూడా వేటు వేయడానికీ, ముడి వేయడానికీ, సంకెళ్లు వేయడానికీ సమానంగా చెల్లుతుంది. జీవుణ్ణి సంసారానికి కట్టివేసేదాన్ని బంధమని పిలిచి, వేదాంతం దాన్ని దుఃఖంగానే లెక్కించింది. అయితే 1537లో కెంపేగౌడ బెంగళూరును కట్టాడని చెప్పేటప్పుడు కన్నడిగులూ, ఆ నగరపు తెలుగువారూ వాడే ‘కట్టు’ అన్న ఉమ్మడి ద్రావిడ ధాతువే తాళికీ, ఆనకట్టకూ, ఇంటికీ వర్తిస్తున్నది గనుక, కట్టుబాటంతా గాయమేనన్న తీర్మానాన్ని ఈ భాషలు అంత సులువుగా ఒప్పుకోవు. ముండకోపనిషత్తు సైతం పరతత్త్వాన్ని దర్శించినవాడికి హృదయగ్రంథి, అంటే అవిద్య గుండెలో వేసిన ముడి, భేదింపబడుతుందని చెప్పింది; అక్కడ ముడిని విప్పేది జ్ఞానమనే వేటే.