పరదేశములో సైకిలు

మన సంఘ యౌవనుడొకడు నెదర్లాండ్సు దేశమందు చదువుచున్నాడు. అక్కడ మనుష్యులకంటె సైకిళ్లే ఎక్కువ. సైకిలు లేనివానికి దినము గడచుట కష్టము. క్రొత్తదానికి వందల యూరోలు కావలెను. ఇక్కడ తండ్రి అతని చదువుకై చేసిన అప్పు తీర్చుచున్నాడు. వీధిలో ఒకడు మంచి సైకిలును మిక్కిలి చవుకగా ఇచ్చెదననగా, "కొనవచ్చునా, అయ్యగారూ?" అని నాకు వ్రాసెను.

ఆ దేశమున సైకిళ్ల దొంగతనము మెండు. దొంగసొత్తని తెలిసి కొనుటయే గాక, అనుమానింపవలసినచోట విచారింపక కొనుటయు అక్కడ నేరమే. పోలీసులు చూడకపోయినను, ఆ తగ్గిన వెల చెల్లించినదెవరు? ఉదయమున తాళము తెగియుండుట చూచి కాలినడకను పోయిన మరియొక విద్యార్థియే గదా!

దావీదు రాజు అరౌనా కళ్లమును ఉచితముగా పొందగలిగియుండియు వెండి తూచి యిచ్చెను (2 సమూయేలు 24:24). తన అర్పణ ఖర్చును వేరొకనిపై మోపలేదు.

క్రొత్తది కొనుట ఆడంబరము కాదు. పాతది కొనుట అవమానమును కాదు. "అంగడిలో రసీదుతో దొరకు పాతది కొనుము, అంతవరకు నడువుము" అని వ్రాసితిని. మన సంతలో చవుకగా వచ్చిన ఎద్దు విషయమందును ఇదే న్యాయము. నడచిన కాళ్లు నొచ్చును గాని రాత్రి నిద్ర చెడదు.