నీలగిరి చెట్టు క్రింద

తపస్సనగానే మనకు హిమాలయములును నైమిశారణ్యమును స్ఫురించుట సహజమే గాని, మన తెలుగుబిడ్డలు కంప్యూటరు కొలువులకై వేలకొలదిగా పోయి కాపురములు నిలుపుకొన్న అమెరికాదేశపు శాంటా క్లారా ప్రాంతమునకు ఆ పేరు, పదమూడవ శతాబ్దమున సర్వమును విడిచి దారిద్ర్యవ్రతము పూనిన ఇటలీదేశపు సన్న్యాసిని క్లారా వలన వచ్చినదని ఎందరెరుగుదురు? 1777లో అచ్చట నెలకొల్పిన క్రైస్తవ మిషను ఆమె పేరిటిదే.

ఆ శాంటా క్లారా జిల్లాలోనే, హామిల్టన్ కొండమీది లిక్ వేధశాలను దాటి తూర్పునకు సాగినచో శాన్ ఆంటోనియో లోయ కలదు. 1900లో మిన్నీ బూక్ అను అమెరికను వనిత అచ్చటి తన 160 ఎకరముల భూమిని వేదాంతసాధనకై ధారపోయగా, వివేకానందస్వామి గురుభ్రాత తురీయానందస్వామి కొలదిమంది శిష్యులతో అచటికేగి శాంతి ఆశ్రమమును స్థాపించెను. గుడారములలో నివాసము, నీటికి కటకట. వెళ్ళినవారిలో ఐడా ఆన్సెల్ అను యువతి యొకతె. ఆ యేడే శాన్‌ఫ్రాన్సిస్కోలో వివేకానందుని ఉపన్యాసములను ఆమె షార్ట్‌హ్యాండులో వ్రాసికొనియుండెను. అప్పటికామె ఆ విద్యలో క్రొత్తది. స్వామి వాక్కు చేతికందని వేగముగలది. తన వ్రాతపై తనకే నమ్మకము చాలక, ఆ పుస్తకములను దశాబ్దములు దాచియుంచి, వార్ధక్యమున గాని సాపు వ్రాయలేదు. నేడు మనము చదువుకొను స్వామి ప్రసంగములలో కొన్ని ఆ చేతి భిక్షయే. ఒక్క ప్రవచనము విని మరునాడే పీఠమెక్కు మనవారితో ఆమెను పోల్చబోను.

ఇక వేరొక తీరు తపస్సు. ఆ జిల్లాలోనే గల స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు 1944లో బార్బరా మెక్‌క్లింటాక్ అను జన్యుశాస్త్రజ్ఞురాలు వచ్చెను. మొక్కజొన్న కణములలోని క్రోమోజోములను పరిశీలించుటలో అప్పటికే అందెవేసిన చేయి ఆమెది. రొట్టెపై పట్టు బూజు జాతికి చెందిన న్యూరోస్పోరా క్రోమోజోములు అత్యల్పములగుటచే ఎవరికిని లెక్కకు అందకుండగా, జార్జి బీడిల్ అను శాస్త్రజ్ఞుడు ఆమెను పిలిపించెను. ఆమెకును మొదట ఏమియు కనబడలేదు. లోపము సూక్ష్మదర్శినిలో లేదు, చూచు తనయందే యున్నదని తోచి, ఆమె బల్ల విడిచి బయటికి నడచి, నీలగిరి చెట్ల క్రింద, మనము జామాయిలు చెట్లని పిలుచువాని నీడనే, ఒక ఆసనముపై కూర్చుండి కొంతసేపు తనలో తాను మునిగిపోయెను. పిదప దిగ్గున లేచి ప్రయోగశాలకు పరుగెత్తెను. కొద్ది దినములలోనే ఆ క్రోమోజోములు ఏడనియు, అవి విభజన నొందు క్రమమిట్టిదనియు తేల్చెను. పనిలో లీనమైనకొలది అవి పెద్దవిగా కనబడెననియు, తానును వానిలో నొకతెనై వానినడుమ నున్నట్లు తోచెననియు, తన్ను తాను మరచితిననియు ఆమె తరువాత చెప్పుకొనెను.

ఈ మరపు ఆమెకు క్రొత్త గాదు. కార్నెల్ విశ్వవిద్యాలయములో చదువునాళ్ళలో భూగర్భశాస్త్ర పరీక్షకు ఉత్సాహముతో జవాబులన్నియు వ్రాసి ముగించి, పత్రముపై పేరు వ్రాయబోగా తన పేరు తనకు జ్ఞప్తికి రాలేదట! ఎవరినైన అడుగుదమన్న సిగ్గు. ఇరువది నిమిషములు అట్లే కూర్చుండవలసి వచ్చెను. నామరూపముల లయమును గూర్చి మనము భాష్యములు చదువుదుము. ఆమెకది పరీక్షశాలలో తటస్థించినది.

ఆమెను వేదాంతిని చేయవలెనని నా తాత్పర్యము గాదు. టిబెట్టు బౌద్ధుల సాధనలయెడ కుతూహలము మాత్రము ఆమెకుండెను. కాని ధ్యాతయు ధ్యేయమును వేరుగా మిగులని స్థితిని ధ్యానమునకు పరాకాష్ఠగా మన పెద్దలు చెప్పియుండగా, ఆ బల్లముందు జరిగినదానికి వేరొక పేరు నాకు దొరకలేదు.

1951లో, జన్యువులు ఒకచోట నిలువక స్థానములు మారగలవని ఆమె చెప్పినపుడు విన్న పండితులు తెల్లబోయిరి. ఆమె వాదమునకు దిగలేదు. తన మొక్కజొన్నచేనికి తాను మరలిపోయెను. ముప్పదిరెండేండ్లకు, 1983లో, ఎనుబదియొకటవ యేట, వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము ఆమె ఒక్కతెకే వచ్చెను. ఇంట టెలిఫోను లేకుండుటచే ఆ వార్తను రేడియోలో విని, ఆ ఉదయము ఆమె ఎప్పటివలెనే అక్రోటుకాయలు ఏరుకొనుటకు బయలుదేరెనని చెప్పుదురు.